మహారాజశ్రీ జీవీఎం గారికి

మహారాజశ్రీ జీవీఎం గారి సముఖమునకు,

అడిలైడ్ నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు, అంటే బండీ అందులోని సమస్తమూ కలిపి దాటకూడని మొత్తం బరువు (గ్రాస్ వెహికల్ మాస్), నా బండి డ్రైవరు తలుపు తీయగానే కనపడే స్టిక్కరు మీద 2,990 కిలోలు అనే అంకెగా కొలువై ఉన్నారని ఈ శనివారం మధ్యాహ్నం కాటా మీద తెలిసింది. బండి కొన్నరోజు షోరూంలో అందరినీ పరిచయం చేశారు. సన్‌రూఫ్‌ని, వెనక కెమెరాని, సీటు వేడెక్కించే బటన్ని కూడా. తమరిని మాత్రం ఎవరూ చూపించలేదు.

కాటా దగ్గర మాకు జరిగిన మర్యాద గురించి ముందుగా మనవి చేసుకుంటాను. మా ముందు కంకర లారీ, వెనక పాత ఇనుము లారీ, మధ్యలో నెత్తిన టెంటు పెట్టుకున్న మా బండి. లోపల నేను, మా ఆవిడ, మావాడు. నీళ్ళ ట్యాంకు ఇంకా నింపలేదు. చీటీ వచ్చింది: 3,170. కిటికీలోంచి చీటీ అందించిన పెద్దమనిషి "ఎక్కడికి మేట్?" అన్నాడు. సింప్సన్ ఎడారికి అన్నాను. ఆయన బండిని ఒకసారి ఎగాదిగా చూసి, లోపలున్న ఇంకొకాయన్ని కూడా పిలిచి చూపించాడు.

"మమ్మల్ని దింపి తూయించండి" అంది మా ఆవిడ. ఇద్దరూ దిగారు. 3,045. "అంటే మేమిద్దరం లేకపోయినా ఎక్కువేనన్నమాట. ఇక ఇంట్లో ఎవరూ నా బరువు మాటెత్తకూడదు" అని చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఇనుము లారీ హారన్ కొట్టింది. మిగిలిన మధ్యాహ్నమంతా ఆ యార్డు బయట రోడ్డు పక్కన బండి ఆపి, ఫోన్లో కూడికలు తీసివేతలు చేస్తూ గడిచిపోయింది.

ఆ లెక్క తమరికి సమర్పించుకుంటున్నాను. ఖాళీ బండి 2,330. అంటే తమరు దయతలచి మాకు వదిలింది 660 కిలోలు. ఈ బండికి సీట్లు ఏడు. మనిషికి 80 కిలోల లెక్కన ఏడుగురు పెద్దవాళ్ళు ఎక్కితే 560. మిగిలింది వంద. ఏడుగురికీ పంచితే తలా 14 కిలోలు చాలీచాలకుండా వస్తుంది. ఇండియా వెళ్ళే విమానంలో సూట్‌కేసుకి 23 కిలోలు ఇస్తారు, దానికే మనవాళ్ళు హుక్కు త్రాసు పట్టుకుని హాల్లో అర్ధరాత్రి దాకా కొట్టుకు చస్తారు. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజనూ నాలుగు చక్రాల డ్రైవూ ఉన్న ఈ ఏనుగంత బండి అంత కూడా ఇవ్వదు. పెళ్ళికి ఇంటిల్లిపాదినీ రమ్మని పిలిచి, అందరూ పంక్తిలో కూర్చున్నాక "అందరికీ కాదండీ, సగంమందికే వండాం" అన్నట్టుంది.

బ్రోషరు మాత్రం వేరే మాట చెబుతుంది. అందులో ఇదే బండి ఎర్రటి ఇసుకదిబ్బ మీద నిలబడి ఉంటుంది. లోపల నిండా జనం, పైన పెట్టె, వెనక పడవ. ఆ ఫొటోలోని బండిని అలాగే, పడవతో సహా, ఆ కాటా ఎక్కించి చీటీ తీయించాలని నాకో చిన్న కోరిక.

సరే, మేం ఏడుగురం కాము, ముగ్గురమే. మరి 840 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయని తమరు అడగవచ్చు. అడగండి, చెప్తాను. ఎడారికి వెళ్ళాలంటే ఇవి ఉండి తీరాలని చెప్పిన ప్రతి కొట్టువాడి నుంచీ వచ్చాయి. కంగారూలు అడ్డొస్తాయని బండి ముందు బిగించే ఇనుప బుల్‌బార్, 65 కిలోలు. బుల్‌బార్ ఉన్నాక వించ్, అంటే కూరుకుపోయిన బండిని తాడు చుట్టి లాగే యంత్రం, లేకపోతే ఎలా అన్నారు, అదొక 25. సింప్సన్ దిబ్బల్లో వించ్ తాడు కట్టడానికి తగిన చెట్టు ఎక్కడుంటుందండీ అని అడిగితే, ఇసుకలో పాతుకునే లంగరు చూపించాడు. అదీ ఇనుమే. ఫ్రిజ్జుకి రెండో బ్యాటరీ. బ్యాటరీకి సోలార్ ప్యానెల్. ఫ్రిజ్జు బయటికి జరగడానికి పట్టాలు. పట్టాలు బిగించడానికి చెక్క డ్రాయర్లు, 60. పైన ర్యాక్, ర్యాక్ మీద టెంటు, కలిపి ఇంకో 90. రెండో స్టెపినీ. ఇంత బరువుకి వెనక కుంగిపోతోందంటే గట్టి స్ప్రింగులు వేశారు. బండి నిటారుగా నిలబడింది. తమరి అంకె మాత్రం ఒక్క కిలో కదల్లేదు, ఎందుకంటే స్ప్రింగు మారిస్తే ఎత్తు మారుతుంది గానీ స్టిక్కరు మారదట. ఆ స్ప్రింగుల అదనపు బరువు కూడా మా ఖాతాలోనే రాశారు, చాలా సంతోషం.

ఒక్క కొట్టులోనైనా, ఒక్క వస్తువు మీదైనా, ధర రాసిన సైజులో బరువు రాసి ఉందా? ధర గోడంత. వాయిదాల్లో కట్టుకోవచ్చన్నది దానికన్నా పెద్దది. బరువు కావాలంటే కౌంటరు వెనకాయన లోపలికి వెళ్ళి, కంప్యూటర్లో వెతికి, "సుమారుగా" అనే మాటతో మొదలుపెడతాడు.

ఇక తగ్గించడానికి వీల్లేని సరుకు ఉంది. ఎడారికి పడమటి కొసన ఉన్న మౌంట్ డేర్ నుంచి ఫ్రెంచ్ లైన్ అనే ఇసుక దారి మీదుగా తూర్పు కొసన ఉన్న బర్డ్స్‌విల్ దాకా 500 కిలోమీటర్లు పైచిలుకు, మధ్యలో చుక్క డీజిల్ దొరకదు. ఇసుకలో వంద కిలోమీటర్లకు 20 నుంచి 25 లీటర్లు తాగుతుంది. దిబ్బ ఎక్కలేక వెనక్కొచ్చి మళ్ళీ ఎగబడ్డప్పుడల్లా ఇంకాస్త. కంపెనీ ట్యాంకు చాలదు, పైన ఇంకో 90 లీటర్లు కావాలి, అంటే 75 కిలోలు. నీళ్ళు 80 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో. ఇందులో "సుమారుగా" లేదు. ఈ 80 ఇంకా కాటా ఎక్కనే లేదని ఇందాకే మనవి చేసుకున్నాను.

మా తోడల్లుడు రెండో బండిలో వస్తున్నాడు. ఒంటరి బండితో అక్కడికి వెళ్ళకూడదు కదా. చీటీ ఫొటో తీసి పంపితే "అన్నయ్యా, టైర్లలో గాలి 18కి దింపేద్దాం, సరిపోతుంది" అని రాశాడు. గాలి తీస్తే బరువు తగ్గుతుందనుకునే మనిషి తన బండిని కాటా ఎక్కించే ప్రసక్తే లేదట. తెలియకపోతే టెన్షన్ ఉండదట.

ఆ ఎడారి చరిత్ర తమరికి తెలియదని కాదు గానీ, ఒకసారి గుర్తు చేస్తాను. 1936లో టెడ్ కాల్సన్ అనే ఆయన, అంటకిరింజ అనే ఆదివాసీ తెగకు చెందిన పీటర్ ఐన్స్ కలిసి ఒంటెలతో అటు నుంచి ఇటు దాటి, మళ్ళీ ఇటు నుంచి అటు వెళ్ళారు. వాళ్ళకన్నా ఎంతో ముందు నుంచే వాంగ్‌కంగుర్రు అనే ఆదివాసీ జనం ఆ దిబ్బల మధ్య మికిరి అనే తమ బావుల్ని నమ్ముకుని, ఏ బావిలో ఎప్పుడు నీరుంటుందో తెలుసుకుని బతికారు. 80 లీటర్లు మోసుకు తిరగలేదు. 1962లో భూగర్భ శాస్త్రవేత్త రెజ్ స్ప్రిగ్, భార్య గ్రిసెల్డాతో, ఇద్దరు పిల్లలతో ఒకే నిస్సాన్ పాట్రోల్ బండిలో దాటాడు. మోటారు బండి ఆ ఎడారి దాటడం అదే మొదటిసారి. అప్పటికి ఫ్రెంచ్ లైన్ కూడా లేదు. మరుసటేడు చమురు కోసం వెతుకుతూ ఫ్రెంచ్ పెట్రోలియం కంపెనీ దాన్ని వేసింది. పిల్లలు వెనక ఉన్నారు, ఇంధనమూ నీళ్ళూ ఉన్నాయి, రోడ్డు లేదు. ఆ తల్లిదండ్రుల్ని ఎవరైనా ఆపి "మీ జీవీఎం ఎంత?" అన్నారా?

ఒంటె సంగతి మరీ బాధ. 1860ల నుంచి కరాచీ రేవు మీదుగా ఓడల్లో దించి, తోలడానికి బలూచీలనీ పంజాబీలనీ సింధీలనీ పఠాన్లనీ రప్పించి, అందరికీ కలిపి "అఫ్ఘన్లు" అని పేరు పెట్టారు. గట్టి మగ ఒంటె నాలుగైదు వందల కిలోలు మోస్తుంది. ఒక్క ఒంటె! దాని ముందు తమరి 660 ఏపాటి? స్టిక్కరు లేదు, చీటీ లేదు, డీజిల్ అసలే లేదు. మోటారు లారీలు వచ్చి ఒంటెల పని పోయాక వాటిని ఎడారిలోకి వదిలేశారు. 1925లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం, అలా తిరిగే ఒంటెల్ని చంపేయవచ్చని ఏకంగా చట్టమే చేసింది. జీవీఎం అడ్డురాని ఒకే ఒక్క వాహనం, దాన్ని కాస్తా కాల్చిపారేయమన్నారు.

కొలత తప్పినందుకు మిగతావాళ్ళకి జరిగిందేమిటో కూడా చూడండి. 1880లో ఆగస్టస్ పోపెల్ అనే సర్వేయరు ఈ ఎడారిలో మూడు ప్రాంతాల సరిహద్దులు కలిసే మూల ఎక్కడో కొలిచి కొయ్య పాతాడు. కొలిచిన గొలుసు ఒక అంగుళం ఎక్కువ సాగి ఉందట. కొయ్య దాదాపు 300 మీటర్లు పక్కకి పోయి, ఉప్పు సరస్సులో పడింది. తర్వాత ఇంకొకాయన వెళ్ళి సరిచేశాడు. ఆ మూలకి నేటికీ పోపెల్ కార్నర్ అనే పేరు! మేమూ అక్కడ ఆగి ఫొటో దిగుతాం. నా బండి 180 కిలోలు తప్పితే మాత్రం పోలీసుకి జరిమానా, ఇన్సూరెన్సువాడికి సాకు.

అసలు నువ్వొక్కడివేనా ఈ ప్రయాణానికి అడ్డు? పర్మిట్ ఉండాలి. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఆ ఎడారి పార్కు మూసేస్తారు, ఒప్పుకుంటాను, ఆ ఎండలో పోయేవాడికి పర్మిట్ కాదు డాక్టరు కావాలి. నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున జెండా కట్టాలి, దిబ్బకి అటువైపు నుంచి వచ్చేవాడికి కనపడాలని. అదీ న్యాయమే. శాటిలైట్ ఫోన్ నెల బిల్లు చూస్తే ఎవరికీ ఫోన్ చేయబుద్ధి కాదు. విజయవాడ నుంచి మా అత్తగారు "ఎడారే చూడాలంటే దుబాయ్ దగ్గర కదా" అంటున్నారు. ఇవన్నీ భరించాం. ఇవన్నీ మొదటిరోజే మా ముందుకొచ్చి ఇదీ మా సంగతి అని చెప్పాయి. నువ్వే, తలుపు చాటున ఇన్నాళ్ళూ నోరు మెదపకుండా కూర్చున్నావు.

నీ అవసరం నాకు అర్థం కాక కాదు. బరువెక్కువైన బండ్లకి దిబ్బ దిగేటప్పుడు వెనక ఆక్సిల్ పైన చాసిస్ విరిగిన ఫొటోలు చూశాను. ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టి రోడ్డు మీద ఆ అలలు అలలుగా ఉండే గతుకుల్లో షాక్ అబ్జార్బర్లు ఎలా కాలిపోతాయో కూడా తెలుసు. ఎడారి మధ్య నుంచి బండి లాక్కురావడానికి వేలకు వేల డాలర్లు అడుగుతారు. నిన్ను దాటితే ఏమవుతుందో నాకు చెప్పక్కర్లేదు. నువ్వున్నావని మొదటి వస్తువు బిగించే రోజున చెప్పాల్సింది. ఒక్కడు చెప్పలేదు. బుల్‌బార్ అమ్మినవాడికి తెలుసు. డ్రాయర్లు బిగించినవాడికి తెలుసు. గట్టి స్ప్రింగులు వేసినవాడికి ఇంకా బాగా తెలుసు. ఎందుకంటే ఈ సాయంత్రం చీటీ సంగతి చెప్పగానే, సొరుగులో సిద్ధంగా ఉన్నట్టుంది, టక్కున ఇంకో కాగితం తీశాడు. జీవీఎం అప్‌గ్రేడ్. మళ్ళీ కొత్త స్ప్రింగులు, కొత్త షాకులు, ఇంజనీరు సంతకం, కొత్త స్టిక్కరు. నెల క్రితం వేసిన స్ప్రింగులు ఈ సర్టిఫికెట్‌కి పనికిరావట, తీసేయాలట. ముందే చెప్పొచ్చుగా అంటే, "మీరు అడగలేదు కదా" అన్నాడు. సిగ్గులేని మాట అది. మోయకూడదని తెలిసీ బరువు అమ్ముతారు, ఆ బరువు మోయడానికి మళ్ళీ అనుమతి అమ్ముతారు. బండికి నువ్వు గీత అయితే, ఈ బజారుకి నువ్వు గల్లాపెట్టె.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. డ్రాయర్లు ఊడదీస్తున్నాను, సామాను ప్లాస్టిక్ డబ్బాల్లో పెడతాం. పైన టెంటు తీసేసి నేల మీద గుడ్డ టెంటు వేస్తాం, పాకేవి ఏవొచ్చినా చూసుకుంటాం. వించ్, లంగరు, మూడో వరస సీట్లు గరాజులో ఉంటాయి. బుల్‌బార్ స్థానంలో కంపెనీ బంపరు మళ్ళీ ఎక్కుతుంది, కంగారూల కోసం చీకటి పడ్డాక బండి నడపం. నీళ్ళు తగ్గవు, డీజిల్ తగ్గదు. మా ఆవిడ పెట్టిన ఆవకాయ, గోంగూర సీసాలు కలిపి నాలుగు కిలోలు. వాటి జోలికి నేను వెళ్ళను, నువ్వూ రాకు. వచ్చే శనివారం నీళ్ళతో సహా కాటా ఎక్కుతాం.

ఇట్లు,
2,990లో సర్దుకుంటున్న ఒక డ్రైవరు

తా.క.: రెండు చెక్క డ్రాయర్లు, పట్టాలతో సహా, దాదాపు కొత్తవి, అమ్మకానికి ఉన్నాయి. బరువు 60 కిలోలు. ధర కన్నా పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాను, ఇప్పటిదాకా ఒక్కడు ఫోన్ చేయలేదు.