మోనో సరస్సు నుంచి అవిలాల చెరువు దాకా

పాత చాకిరేవులు చూసినవాళ్లకు చౌడు సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలం నేలమీద తెల్లగా పొంగే ఆ మట్టిని నీళ్లలో కలిపి, మురికి బట్టలు ముంచి, బానలో ఉడకేసేవాళ్లు. చెయ్యి పెడితే సబ్బునీళ్లలా జారేది. అమెరికాలో, కాలిఫోర్నియా తూర్పు అంచున సియెర్రా నెవాడా కొండల వెనకున్న మోనో సరస్సు నిండా దాదాపు అలాంటి నీళ్లే. సముద్రమట్టానికి సుమారు 6,380 అడుగుల ఎత్తున ఉన్న ఎడారి ప్రాంతం అది. కొండవాగులు వచ్చి కలుస్తాయి, బయటికి మాత్రం దారి లేదు. నీరు ఆవిరైపోతే ఉప్పు, సోడా అక్కడే మిగులుతాయి. అందులో చేప బతకదు. ఉప్పురొయ్యలు, చౌడు ఈగలు మాత్రం కోట్లలో ఉంటాయి. వాటిని తిని బలం పుంజుకునే వలస పక్షులు లక్షల్లో దిగుతాయి.

తాగడానికి పనికిరాదు, పైరుకూ పనికిరాదు. అలాంటి సరస్సులోకి మంచినీళ్లు పోవడం దండగ అనుకున్న లాస్ ఏంజెలెస్ నగరం 1941 నుంచి ఆ వాగులను మళ్లించుకుంది. నాలుగు దశాబ్దాల్లో నీటిమట్టం 45 అడుగులు పడిపోయింది. 1979లో సరస్సు మధ్యనున్న నెగిట్ దీవికి నేల తేలి దారి పడింది. కొయోటీలు, అంటే అక్కడి నక్కలాంటి జంతువులు, నడిచిపోయి గల్ పక్షుల గూళ్ల మీద పడ్డాయి. 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: నీళ్లు వాడుకునే హక్కు ఎవరికి ఇచ్చినా, ప్రజల తరఫున ఆ సరస్సును కాపాడే బాధ్యత ప్రభుత్వానికి పోదు.

తిరుపతికి దీంతో ఏం పని? 2006 ఫిబ్రవరిలో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీసి చూడండి, మోనో పేరు కనిపిస్తుంది. ప్రభుత్వం ఇళ్ల కోసం అవిలాల చెరువు భూమిని తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాకు, పేరూరు చెరువు భూమిని టీటీడీకి ఇచ్చింది. తిరుపతిలోని ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ దానిపై కోర్టుకెక్కింది. ఎక్కడో చౌడు సరస్సు గెలిచిన వాదన మన చెరువుకు అక్కరకొచ్చింది. నాకైతే భలే ముచ్చటేసింది.

కానీ ముచ్చట అక్కడితో సరి. కోర్టు ఇకపై కట్టడాలు వద్దంది, అవిలాలలో ప్రతి ఇంటి మిద్దె మీది వాననీటిని పట్టే ఏర్పాటు ఉండాలంది. అప్పటికే లేచిన ఇళ్ల జోలికి పోలేదు. మోనోకు 1994లో అక్కడి నీటి బోర్డు ఒక అంకె ఇచ్చింది, నీళ్లు సముద్రమట్టానికి 6,392 అడుగుల ఎత్తుకు చేరాలని. ఆ మట్టానికి సరస్సు ఇప్పటికీ చేరలేదు, నిజమే. అయినా ఇంకెన్ని అడుగులు తక్కువుందో ఎవరైనా కొలిచి అడగొచ్చు. మన చెరువుకు సూత్రం దొరికింది గానీ అడగడానికి అంకె దొరకలేదు.

నిజానికి అంకె మనకు కొత్తేమీ కాదు. చెరువు నిండిందా అని పల్లెలో ఎవరూ అడగరు, మరవ పారిందా అంటారు. మరవ అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే రాతికట్టు. ఆ రాతి ఎత్తే ఊరందరికీ తెలిసిన మట్టం. కట్ట ఆనవాళ్లు, తూము, మరవ ఇంకా మిగిలున్న చెరువులు తిరుపతి చుట్టూ ఉన్నాయి. వాటి పూర్తి నీటిమట్టాన్ని కొలిచి, హద్దురాళ్లు నాటి, ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయించాలి. ప్లాట్ల బ్రోచర్లు అచ్చయ్యాక హద్దు వెతుక్కుంటే ఏమవుతుందో అవిలాలలో చూశాం.