అసలైన డూప్లికేట్

నిరుద్యోగం, ధరలు, మూసీ కంపు లాంటి చిన్నాచితకా విషయాల మీద రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను నేరుగా అసలు సమస్యకే వస్తాను. నల్లగొండ నుంచి పాలమూరు దాకా పోరగాళ్ల జేబుల్లో డూప్లికేట్ చాకులు తిరుగుతున్నాయి. కూరగాయలు కోసేవి కాదు, మడిచి జేబుకు క్లిప్పుతో తగిలించుకునే అమెరికా చాకులకు అచ్చుగుద్దిన కాపీలు. ఇట్లాంటిది కొనడం ధర్మమా కాదా అని ఏ స్వామీజీ ప్రవచనంలోనూ రాలేదు, ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ పెట్టలేదు. సమాజం ఎటు పోతోందో మీరే ఆలోచించండి.

ముందు అసలుది ఏంటో చెప్పాలి. క్రిస్ రీవ్ అని, దక్షిణాఫ్రికా నుంచి అమెరికా పోయి ఐడహో రాష్ట్రంలో స్థిరపడ్డ ఒకాయన సెబెంజా అనే చాకు చేశాడు. టైటానియం పిడి. ఆ పిడిలో ఒక పక్క రేకునే కొంత చీల్చి వదిలాడు. బ్లేడు తెరవగానే ఆ ముక్క స్ప్రింగులా లోపలికి జరిగి బ్లేడు వెనక అడ్డంగా కూర్చుంటుంది, ఇక మనమే దాన్ని పక్కకు నెట్టాలి తప్ప చాకు తనంతట తాను మూసుకుని వేళ్లు కోయదు. ఈ ఏర్పాటుకు ఆయన పేటెంట్ తీసుకోలేదు. ఇవాళ లెక్కలేనన్ని కంపెనీలు అదే లాక్ పెట్టి, తమ పేరు తాము వేసుకుని దర్జాగా అమ్ముకుంటున్నాయి, వాళ్లనెవరూ దొంగలు అనరు. పేటెంట్ ఉన్నా 20 ఏళ్లకు తీరిపోతుంది, ఆ తర్వాత ఉపాయం ఊరందరిదీ. గొడవంతా పేరు దగ్గరే. సెబెంజా 400 డాలర్లకు పైమాటే, మన రూపాయల్లో ముప్పై వేలు దాటుతుంది, కస్టమ్స్ వేరే. అదే ఆకారం, అదే లోగో ఉన్న కాపీ మాత్రం రెండు వేల లోపే ఇంటికొస్తుంది.

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాసే మా దోస్తు దగ్గర ఒకటుంది. దాంతో వాడు చేసే ఘనకార్యాలు బస్తా కుట్టు విప్పడం, పార్సిల్ టేపు కోయడం, ఎండాకాలం బత్తాయి ఒలవడం. ఇది తప్పు కదరా అంటే సిద్ధాంతంతో మొదలుపెడతాడు. "సాయుధ పోరాటం చేసిన జిల్లా మనది. దొరల గడీలకే భయపడలే, అమెరికా కంపెనీకి భయపడతమా?" అంటాడు. 1946లో మొదలైన పోరాటాన్ని వీడు క్యాష్ ఆన్ డెలివరీలో పూర్తి చేశాడన్నమాట. కాకపోతే అప్పటివాళ్లు దొర కాగితాలు కాల్చి భూమి పంచారు, వీడు దొర ముద్రనే పిడి మీద కొట్టించుకుని మురిసిపోతున్నాడు.

సిద్ధాంతం పనిచేయకపోతే ఆర్థికశాస్త్రం. "ఎట్లాగూ నేను ముప్పై వేలు పెట్టి కొనను. ఇగ కంపెనీకి ఏం పోయింది?" బలమైన వాదనే, కాదనను. ఎట్లాగూ కట్నం చదివించేవాణ్ణి కాదు కాబట్టి, పిలవని పెళ్లికి పోయి మటన్ తినొస్తే పెళ్లివారికి నష్టమేముంది? ఇంకా గట్టిగా పట్టుకుంటే ఆఖరి అస్త్రం తీస్తాడు. "అదే ఫ్యాక్టరీల రాత్రి షిఫ్టుల చేస్తరంట, లోగో తప్ప తేడా లేదు." లోగో కూడా తేడా లేదు కదరా, అదే కదా గొడవ అన్నాను. పైగా ఐడహోలో రాత్రి షిఫ్టు చేసిన చాకు చైనా స్టాంపుతో ఎందుకొచ్చిందో ఇంతవరకు చెప్పలేదు.

ఆ బ్లేడు మీద ఎస్35వీఎన్ అని చెక్కి ఉంటుంది. క్రూసిబుల్ అనే అమెరికా కంపెనీ, ఇందాక చెప్పిన రీవ్‌తో కలిసి 2009లో తెచ్చిన స్టీలు అది. ఆ స్టీలు చేయడానికి పెద్ద కొలిమి కావాలి, దాని పేరు చెక్కడానికి లేజర్ ముక్క చాలు. ఒకసారి తాటివనంలో ముంత ముందు కూర్చున్నప్పుడు మావాడు దాన్ని టక్కున తెరిచి గౌడన్నకు ఇచ్చాడు. ఆయన బొటనవేలితో అంచు తడిమి, ఎండిన తాటి మట్ట మీద నాలుగు గీతలు గీసి, అంచును వెలుతురుకు పెట్టి చూశాడు. వంగింది. ఏమీ అనకుండా మడవబోయి, లాక్ ఎట్లా తీయాలో తెలియక అట్లాగే తిరిగిచ్చేశాడు. "మంచిగుంది తమ్మీ, గోళ్లు తీస్కోనీకి." ఆయన నడుముకున్న కత్తి మీద ఏ పేరూ లేదు. దానికి డూప్లికేట్ తయారు చేయాలంటే చైనావాళ్లు ఏం చెక్కాలో తెలియక తల పట్టుకుంటారు.

సరే, కనీసం పరువు కోసమన్నా పనికొస్తుందా అంటే, మిర్యాలగూడలో సెబెంజా లోగో గుర్తుపట్టేవాడు మావాడొక్కడే. కాబట్టి తనే చెప్పుకోవాలి. మిల్లులో ముప్పై అయిదు వేలు అని చెప్పాడు. ఆ మాట ఇంటికి చేరి, "ముప్పై అయిదు వేలు పెట్టి చాకు కొన్నవా, బేవకూఫ్" అని వాళ్ల నాయిన లేచేసరికి, "ఉత్తదే నాయినా, రెండు వందలది" అన్నాడు. ఇప్పుడు ఆ చాకుకు ఊళ్లో ఒక ధర, ఇంట్లో ఒక ధర. అసలు పెట్టింది పందొమ్మిది వందలని నాకు తప్ప ఎవరికీ తెలియదు. సొంత పేరుతో, సొంత డిజైన్‌తో, ఏ అబద్ధం లేకుండా అమ్ముడయ్యే చాకులు అంతకంటే తక్కువకే దొరుకుతాయి కదా, అవి కొనొచ్చు కదా అంటే, "లోగో లేకపోతే ఎవరు చూస్తరు" అంటాడు.

అట్లాగని మావాడు నీతి లేనివాడేం కాదు. వాళ్ల వదిన బజార్లో ఇక్కత్ అని చెప్పి అమ్మిన చీర తెచ్చుకుంటే కొంగు తిరగేసి చూశాడు. వెనకవైపు రంగు వెలిసినట్టుంది. అంతే, శివాలెత్తిపోయాడు. దారానికే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తే డిజైన్ రెండు పక్కలా ఒకేలా వస్తుందని, ఇది మిల్లు గుడ్డ మీద ప్రింటు కొట్టిందని, పోచంపల్లి, పుట్టపాక నేతన్నల కడుపు కొడుతున్నారని, పుట్టపాక తేలియా రుమాలుకు ఇది ఆ ఊరి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు 2020లో వచ్చిందెందుకని, వాట్సాప్‌లో ఇంత పొడుగు మెసేజ్ పెట్టాడు. అక్షరం అక్షరం నిజం. మరి నీ చాకు కూడా తిరగేద్దామా అన్నాను. "అది వేరే సంగతి" అన్నాడు. ఈ దేశంలో ధర్మశాస్త్రం మొత్తం ఆ మూడు మాటల్లోనే ఇముడుతుందని నాకు ఎప్పటినుంచో అనుమానం.

చట్టం కూడా మావాడి వైపే కొంచెం మొగ్గింది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో 103, 104 సెక్షన్లు దొంగ ముద్ర వేసినవాడికి, ఆ సరుకు అమ్మినవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అంటాయి. సొంతానికి కొనుక్కుని బత్తాయి ఒలుచుకునేవాడి ఊసు వాటిలో లేదు. ఆ ధీమాతోనే పోయిన నెల ఇంకొకటి తెప్పించాడు. కాపీల్లో కూడా పేరున్న కాపీ ఒకటుందట, దానికి టైటానియం నిజంగానే వాడతారట. వచ్చిన దాని పిడికి అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. టైటానియం అయస్కాంతానికి అంటదు. మావాడి బాధ చూడాలి. "జనంల నీతి లేదురా, ఇంత మోసమా" అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వినియోగదారుల కమిషన్‌కు పోతా, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు, నువ్వే ఫిర్యాదు రాయాలి అని నా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

రాశాను. "ఒరిజినల్ డూప్లికేట్ పంపుతామని నమ్మించి, డూప్లికేట్‌కే డూప్లికేట్ పంపినందున" అనే దాకా సాఫీగానే నడిచింది. బిల్లు జతచేయాలి, తియ్యి అన్నాను. తీశాడు. అందులో "కీచైన్, ఒకటి, 99 రూపాయలు" అని ఉంది. పోనీ కీచైన్ రాలేదని కేసు వేద్దామా అంటున్నాడు. చట్టప్రకారం చూస్తే ఆలోచించదగ్గ విషయమే.