సున్నా పౌండ్ల రోలు: ఇన్వెంటరీ పట్టిక గారికి బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ ఇన్వెంటరీ పట్టిక గారి దివ్య సముఖమునకు,

కర్నూలు పాతబస్తీలో ఒక మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు పాచికలు వేసుకునే ఆటగాళ్ల తరఫున, ఆ గుంపు పద్దులు చూసే పని నెత్తిన పడినవాడు చేసుకునే విన్నపం ఏమనగా:

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి పాచికలతో కథ నడిపే ఆట 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్ల చేతుల మీదుగా వెలువడిన నాటి నుంచీ మూటాముల్లె లెక్క ఆటగాళ్ల వెంట పడుతూనే ఉంది. వెనకటివాళ్లు ఆ లెక్కను పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి, కాగితం చిల్లు పడేదాకా నడిపించారు. 1978 నాటి నియమాల ప్రకారం పది బంగారు నాణేలు ఒక పౌండు తూగేవి. ఇప్పుడు ఒక పౌండుకు యాభై కావాలి. (నాణెం చిక్కిపోవడం అన్ని రాజ్యాల్లోనూ ఉన్నదే కాబట్టి దాని మీద మాకు ఫిర్యాదు లేదు.) తమరు, ఒక్కో పాత్ర వివరాలన్నీ ఫోనులో చూపే డిజిటల్ క్యారెక్టర్ షీట్‌లో మంత్రాల ట్యాబ్ పక్కనే కొలువు తీరాక ఆ రబ్బరు బాధ తీరింది. అందుకు మేము కృతజ్ఞులం.

పుస్తకంలో ఉన్న వస్తువు విషయంలో తమ లెక్కకు ఎవరూ వంక పెట్టలేరు. 2014 నాటి పుస్తకంలోని యాభై అడుగుల జనపనార తాడు అనగానే 10 పౌండ్లు, 1 బంగారు నాణెం అంటారు. దివిటీ అనగానే 1 పౌండు, 1 రాగి నాణెం, గంటసేపు వెలుగు అంటారు. పదడుగుల నిచ్చెనకు 25 పౌండ్లు, ఒక రోజు తిండికి 2 పౌండ్లు, చెయిన్ మెయిల్ కవచానికి 55 పౌండ్లు తడుముకోకుండా చెప్తారు. మనిషి మోయగల బరువు అతని స్ట్రెంగ్త్ (బలం) అంకెకు పదిహేను రెట్లు కాబట్టి, 16 స్ట్రెంగ్త్ ఉన్న మా యోధుడు 240 పౌండ్లు, అంటే దాదాపు 109 కిలోలు మోయగలడని తమరు వాడికన్నా ముందే లెక్క కట్టి ఉంచుతారు. ఇంతటి పాండిత్యం పుస్తకం పొలిమేర దాటగానే ఎక్కడికి పోతుందో తెలియక ఈ అర్జీ పెట్టుకుంటున్నాము.

కథ నడిపించే మా డంజన్ మాస్టర్‌కు విదేశీ కోటలంటే మోజు లేదు. ఆయన కథలన్నీ గండికోటలోనూ, బెలుం గుహల్లోనూ, జొన్నగిరి పొలాల్లోనూ జరుగుతాయి. అందువల్ల మాకు దొరికే వస్తువుల్లో సగానికి పైగా తమ జాబితాలో ఉండవు. వాటిని కస్టమ్ ఐటెమ్ అనే ఖాళీ ఫారంలో మేమే రాసుకోవాలి. ఆ ఫారంలో పేరు, సంఖ్య, ధర, బరువు, వివరణ అనే గడులున్నాయి. వీటిలో తమరు పట్టుబట్టి అడిగేది పేరు ఒక్కటే. మిగిలినవి నింపినా నింపకపోయినా తమకు పట్టదు, బరువు గడి ఖాళీగా వదిలేస్తే దాన్ని సున్నాగా తీసుకుని హాయిగా మొత్తం కూడేస్తారు. మా గుంపులో ధర్మం నశించింది ఈ ఒక్క గడి వల్లనే.

గండికోట ధాన్యాగారంలో, కథ ప్రకారం, మాకు ఒక నల్లరాతి రోలు దొరికింది. అందులో నూరిన పసరు మామూలు పసరుకన్నా రెట్టింపు గాయం మాన్పుతుంది. ఇద్దరు మనుషులు కలిసి దొర్లిస్తే గాని కదలని రోలు అని డంజన్ మాస్టర్ వర్ణించాడు కూడా. దాన్ని ఎవరు మోయాలనే చర్చ ఇంకా ముగియకముందే మా మంత్రగాడు ఫోను తీసి, పేరు గడిలో ‘రోలు’ అని కొట్టి, సంఖ్య ఒకటి అని వేసి, సేవ్ నొక్కేశాడు. ఆ మంత్రగాడి స్ట్రెంగ్త్ 8.

“ఎట్ల మోస్తావప్పా దాన్ని?” అని డంజన్ మాస్టర్ అడిగాడు.

“షీటేమీ అనల్యా కదప్పా,” అన్నాడు మంత్రగాడు.

ఆ రోజు నుంచి ‘షీటేమీ అనల్యా’ అనేది మా గుంపుకు రాజ్యాంగమైపోయింది. గోతులు దాటడానికి పనికొస్తాయని కడప బండలు నాలుగు, బరువు ఖాళీ. కూలిన మండపంలోని రాతి గుర్రం తల ఒకటి, బరువు ఖాళీ. ఎందుకైనా మంచిదని ఎద్దులబండి చక్రం ఒకటి. ఇవన్నీ గాలికి ఎగిరిపోయేటంత సన్నగా ఉన్న మంత్రగాడి భుజాన వేలాడుతున్నాయి. చెయిన్ మెయిల్ తొడుక్కుని, డాలు పట్టుకుని, తాడూ దివిటీలూ తిండీ పుస్తకంలోంచి నిజాయితీగా ఎంచుకున్న యోధుడు మాత్రం ప్రతి పౌండుకూ తమకు సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు. గుంపులో అందరికన్నా బలవంతుడు అందరికన్నా తక్కువ మోయడమూ, అందరికన్నా బలహీనుడు ఒక క్వారీని వీపున వేసుకుని వాగులు దూకడమూ తమ పాలనలో మాత్రమే సాధ్యమైంది.

ఇంత గొడవెందుకు, బరువుల లెక్కే ఎత్తేయవచ్చు కదా అనేవాళ్లు మా మిద్దె మీద కూడా ఉన్నారు. బరువు మానేసి గడులు లెక్కపెట్టుకునే ఆటలూ, దివిటీలు ఎన్ని మిగిలాయో రాసుకోకుండా వాడినప్పుడల్లా ఒక పాచిక వేసి తేల్చుకునే ఆటలూ ఉన్నాయని వాళ్లు చెప్పేది నిజమే. కాని నా మట్టుకు నాకు బరువు ఉంటేనే ఆటలో పస ఉంటుంది. బెలుం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. (ఆ గుహలు మొన్నటిదాకా మా జిల్లావే, 2022లో వాటిని మా షీట్ నుంచి తీసేసి నంద్యాల షీట్‌లో వేశారు.) ఆ చీకట్లో సగం దూరం పోయాక నిధి కనబడితే, బంగారం ఎత్తుకోవడానికి దివిటీలు వదలాలా, దివిటీలు ఉంచుకోవడానికి బంగారం వదలాలా అని ఐదుగురు పెద్దమనుషులు ఉగ్గాని చల్లారిపోయేదాకా కొట్లాడుకోవడమే ఈ ఆటలోని అసలు రుచి. వెయ్యి నాణేలంటే 20 పౌండ్లు, అంటే ఇరవై దివిటీలు, అంటే ఇరవై గంటల వెలుగు. ఈ బేరం రక్తి కట్టాలంటే త్రాసు రెండు తట్టలూ సరిగ్గా ఉండాలి. ఒక తట్టలో సున్నా పౌండ్ల రోలు కూర్చుంటే ఇంకేం బేరం?

సరే, బరువు లేకపోతే పోయింది, పనైనా ఉందా అంటే అదీ లేదు. మా దొంగకు ఒక ఫ్యాక్షన్ నాయకుడి దెయ్యం సంతోషించి తన వేటకొడవలిని బహుమానంగా ఇచ్చింది. దొంగ దాన్ని భక్తిగా కస్టమ్ ఐటెమ్‌గా రాసుకుని, మరుసటి యుద్ధంలో దాడుల ట్యాబ్ తెరిచి చూస్తే అక్కడ కొడవలి లేదు. తమ లెక్క ప్రకారం అది ఆయుధం కాదు, మూటలో ఉన్న ఒక మాట మాత్రమే. చేతిలో కొడవలి పెట్టుకుని, షీట్‌లో ఉన్న ‘అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైక్’ నొక్కి, రాక్షసుణ్ణి పిడికిలితో గుద్దవలసి వచ్చింది. యోధుడికి దొరికిన మంత్రపు కంబళిదీ అదే గతి. కప్పుకుంటే ఆర్మర్ క్లాస్‌కు (దెబ్బ తగలకుండా కాచే అంకె, పొట్టిగా ఏసీ) ఒకటి కలవాలి. తమ ఫారంలో కలిపే మార్గం లేదు కాబట్టి వివరణ గడిలో ‘ఏసీకి ఒకటి కలుపుకొనవలెను’ అని రాసుకున్నాడు, దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆ సంగతి దెబ్బ తగిలాకే గుర్తుకు తెచ్చుకున్నాడు. ఒక మనిషి మూడు మాయావస్తువులతో మాత్రమే అనుబంధం పెట్టుకోవచ్చునని నియమం. ఆ మూడు గడుల్లో ఒకదానిలో కంబళిని కూర్చోబెడదామంటే కస్టమ్ ఐటెమ్‌కు అక్కడ ప్రవేశం లేదు.

పని చేసే సొంత వస్తువు కావాలంటే షీట్ వదిలేసి, హోమ్‌బ్రూ (సొంత తయారీ) అనే మరొక పేజీకి వెళ్లి, పెద్ద ఫారం నింపుకు రావాలన్నది తమ వారి సమాధానం. నింపడానికి కూర్చుంటే అడిగేవాటిలో ఒకటి, ఈ వస్తువు ఎంత అరుదైనది అని. సాధారణమా, అసాధారణమా, అరుదా, మిక్కిలి అరుదా, పురాణప్రసిద్ధమా తేల్చమంటారు. మే నెలలో కర్నూలులో కంబళి కప్పుకుని తిరిగేవాడు అరుదు గాని కంబళి ఎట్లా అరుదవుతుందని మా యోధుడు లేవదీసిన వాదం ఆ రోజు సెషన్‌ను మింగేసింది.

చివరికి మావాళ్లు కనిపెట్టిన ఉపాయం వినండి. జాబితాలో ఉన్న ‘సికిల్’ను ఎంచుకుని, దాని పేరు మార్చి ‘వేటకొడవలి’ అని పెట్టుకోవడం. వెంటనే 2 పౌండ్ల బరువు వచ్చింది, 1 బంగారు నాణెం ధర వచ్చింది, నాలుగు ముఖాల పాచిక వచ్చింది, దాడుల ట్యాబ్‌లో చోటు కూడా వచ్చింది. అట్లాగే ‘రేషన్స్’ కాస్తా జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి అయ్యాయి. సొంత పేరుతో సొంత వస్తువుగా వచ్చినంతకాలం లోపలికి రానివ్వని తమరు, పుస్తకంలోని వస్తువు వేషం కట్టుకుని వచ్చేసరికి పీట వేసి కూర్చోబెట్టారు. రోలుకు సరిపడే వేషం ఏదీ తమ జాబితాలో మాకు కనబడలేదు. ఇనుప కుండకు రోలు అని పేరు పెడదామంటే అది 10 పౌండ్లే.

ఇక జొన్నగిరి రాయి సంగతి. తొలకరి వానలు పడగానే మా జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని తిరగడం తమకు తెలియకపోవచ్చు. మా కథలోనూ అట్లాగే ఒక రాయి దొరికింది. అది వజ్రమా, పలుగురాయా అన్నది డంజన్ మాస్టర్‌కు మాత్రమే తెలుసు. తమ ఫారం మాత్రం దాని ధర అడుగుతుంది. తెలియదు అని రాయడానికి ఆ గడి ఒప్పుకోదు, అంకె కావాలంటుంది; ఖాళీగా వదిలితే వెల లేనిదని లెక్క. సరే, అదీ పోనిద్దాం. రాయి మొదట దొంగ దగ్గర ఉండేది. వాడి మీద నమ్మకం లేక (ఆటలోనే సుమా) దాన్ని యోధుడికి ఇప్పించాము. ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌కు కస్టమ్ ఐటెమ్‌ను చేతికి చేయి అందించే దారి మాకు దొరకలేదు కాబట్టి, ఇచ్చినవాడు చెరిపేయాలి, పుచ్చుకున్నవాడు కొత్తగా రాసుకోవాలి. యోధుడు రాసుకున్నాడు. దొంగ చెరపలేదు. షరాబు ముందు ఇద్దరూ సంచి విప్పి ఇద్దరూ ఒకే రాయిని తీశారు.

పాతబస్తీలో ఏ కిరాణా కొట్టుకైనా పోయి చిట్టా తిప్పి చూడండి. బస్తా బియ్యం గోడౌన్ నుంచి కొట్టుకు వచ్చిందంటే, ఒక పేజీలో జమ పడిన క్షణానే ఇంకో పేజీలో ఖర్చు పడుతుంది. రాత్రికి రెండూ కలవకపోతే షావుకారు అన్నం తినడు. కంప్యూటరు మొహం చూడని ముసలాయన బొటనవేలు తడిచేసుకుంటూ చేయగలిగిన పని, ఇన్ని హంగులున్న తమరు చేయలేకపోవడం చూస్తే చేతకాకపోవడం కాదు, మా సొంత సరుకంటే చులకన అనిపిస్తుంది. రాయి ఎవరిదనే తగవు తేల్చడానికి డంజన్ మాస్టర్ పాచిక వేయించాడు. షరాబు దాన్ని అడ్వాన్సు కూడా ఇవ్వకుండా పరీక్షకని లోపలికి తీసుకుపోయి వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు కాబట్టి ఇప్పుడది ఎవరి షీట్‌లో ఉండాలో ఎవరికీ తెలియదు. ఇద్దరి షీట్లలోనూ ఉంది.

కావున తమరు దయతలచి, కస్టమ్ ఐటెమ్ ఫారంలో బరువు గడిని ఖాళీగా వదిలితే ఒక్కసారి ‘నిజమేనా’ అని అడిగే ఏర్పాటు చేయించాలని, నిజాయితీ మిగిలి ఉన్న ఆటగాళ్ల తరఫున కోరుతున్నాము. ఆర్మర్ క్లాస్‌కు ఒకటి కలపడం, ఒక పాచిక తగిలించడం వంటి చిన్న పనులకు పక్క పేజీకి పంపకుండా అక్కడికక్కడే అనుమతించాలి. ఒకరి సంచిలోంచి తీసిన వస్తువు ఇంకొకరి సంచిలో పడితే మొదటి సంచిలో ఇక లేదన్న సంగతి తమకు తెలియాలి. ధర గడిలో ‘తెలియదు’ అనే మాట చెల్లుబాటు కావాలి. ఇంతకు మించి మేము అడగడం లేదు. నాణేల బరువు లెక్కలోకి తీసుకోవద్దనే మీట మాత్రం దయచేసి మా మంత్రగాడి కంట పడకుండా దాచండి.

ఇట్లు,
భవదీయుడు,
గుంపు పద్దులు చూచువాడు,
పాతబస్తీ, కర్నూలు.

తా.క. బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అనే మాయసంచిని పోర్టబుల్ హోల్ అనే మడత గోతిలో పెడితే రెండూ నాశనమై, ఆస్ట్రల్ ప్లేన్ అనే వేరే లోకానికి ద్వారం తెరుచుకుని, పదడుగుల లోపల ఉన్నవాళ్లందరినీ లోపలికి లాగేసుకోవాలని పుస్తకం ఘోషిస్తోంది. మా మంత్రగాడు ఆ రెండింటినీ కస్టమ్ ఐటెమ్‌లుగా రాసుకుని, వివరణ గడిలో ‘సంచి గోతిలో ఉన్నది’ అని తెలుగులో స్పష్టంగా పేర్కొన్నాడు. రోలు సంచిలోనే ఉంది. ఇప్పటివరకు తమ నుంచి ఏ ఉలుకూ పలుకూ లేదు. ఈ విషయంలో తమరు ఏదైనా చర్య తీసుకోదలచుకుంటే, మంత్రగాడి చుట్టూ పదడుగుల దూరం నుంచి మిగతావాళ్లం లేచి వెళ్లడానికి వీలుగా ముందుగా నోటీసు ఇప్పించ ప్రార్థన.