మనవాళ్ల గురించి రాస్తే పరిశోధన కాదా?

ఎంఏలో ఉన్నప్పుడు మా ఊరి ముసలమ్మల జీవితాల మీద ప్రాజెక్టు చేస్తానంటే, "అది మీ ఇంటి ముచ్చట, పరిశోధన ఎలా అవుతుంది?" అని కాగితాలు వెనక్కి ఇచ్చేశారు. ఇన్నేళ్ల తర్వాత నాకు తెలిసిన ఒక విద్యార్థినికీ అదే జవాబు ఎదురైంది. ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

అలా అనేవాళ్లు బార్బరా మైయర్‌హాఫ్ గురించి తెలుసుకోవాలి. ఈ అమెరికన్ మానవశాస్త్రవేత్త మొదట మెక్సికోలోని హుయిచోల్ ఆదివాసుల మీద పనిచేసి పేరు తెచ్చుకున్నారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలున్న వృద్ధుల గురించి రాద్దామని వెళితే, మా దాకా ఎందుకు, మీవాళ్ల గురించే రాయవచ్చు కదా అని వాళ్లే ఎదురడిగారు. ఆమె యూదు స్త్రీ. అలా 1970లలో లాస్ ఏంజెలెస్‌లోనే ఉన్న వెనిస్ సముద్రతీరంలోని యూదు వృద్ధుల కేంద్రంలో అడుగుపెట్టారు.

అక్కడివాళ్లు తూర్పు యూరప్ పల్లెల్లో పుట్టి, వలస వచ్చి, చాలామంది బట్టలు కుట్టి బతికినవాళ్లు. పిల్లలు పెద్ద చదువులు చదివి దూరమయ్యారు. మిగిలినవి చాలీచాలని డబ్బు, తూర్పు యూరప్ యూదులు మాట్లాడే యిడ్డిష్ భాష, తెగని తగాదాలు. ఆ తగాదాలను ముసలితనపు చాదస్తమని కొట్టిపారేయడం ఎంత తేలిక! మైయర్‌హాఫ్ అలా చేయలేదు. పట్టించుకునే మనిషి ఎదురుగా ఉంటేనే కదా పోట్లాట. ఆ కోపమే వాళ్లను కలిపి ఉంచుతోందని ఆమె గ్రహించారు. వాళ్ల శరీరాల కష్టం తెలియడానికి బిరుసైన గ్లౌజులు తొడుక్కుని, కళ్లజోడు తీసేసి, చెవులు మూసుకుని, బరువైన బూట్లతో మెల్లగా నడిచి చూశారు. దీన్నా ఇంటి ముచ్చట అంటారు?

ఆ పని మీద తీసిన 'నంబర్ అవర్ డేస్' డాక్యుమెంటరీకి 1977లో ఆస్కార్ వచ్చింది. అదే పేరుతో ఆమె పుస్తకం 1978లో వెలువడింది. అవార్డు సంగతి అలా ఉంచండి. నన్ను కదిలించింది ఆమె ఎరుక. తాను ఎన్నటికీ హుయిచోల్ స్త్రీ కాబోదు, కానీ ఏదో ఒకనాడు యూదు ముసలమ్మ అవుతుంది. రేపటి తనను చూసుకుంటున్నట్టే వాళ్లను చూశారు.

ఆ రేపు రాలేదు. లాస్ ఏంజెలెస్‌లోని ఫెయిర్‌ఫాక్స్ ప్రాంతంలో, మతాచారాలను నిష్ఠగా పాటించే హసీదీ యూదుల మధ్య పనిచేస్తుండగా ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. ఆమె ఆగలేదు. తన కోసం వాళ్లు జరిపిన క్రతువులనూ చిత్రీకరించనిచ్చారు. 1985 జనవరిలో, 49 ఏళ్లకే వెళ్లిపోయారు.

నేను రాద్దామనుకున్న తొమ్మిది మంది ముసలమ్మల్లో ఇవాళ ఒక్కరూ లేరు. నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అనుమతి వచ్చినా రాకపోయినా, ఈ ఆదివారమే రికార్డరు పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లమన్నాను.