మహారాజశ్రీ రిస్ట్రెయింట్ రిజిస్టరు గారికి

ఉభయకుశలోపరి. పేషెంట్లను కట్టేసినప్పుడల్లా నింపే పుస్తకం మీరు, మేము మీ తోటి పుస్తకాలం. ఒకే బీరువాలో పక్కపక్కన ఉంటూ ఉత్తరం రాసుకోవాల్సి రావడం కాస్త ఇబ్బందే. ఏం చేస్తాం, మీరు ఎవరితోనూ కలవరు. పరుపులు చిరిగి, మగ్గులకు చెవులు విరిగిన ఈ మానసిక వైద్యశాలలో మీ అట్ట ఒక్కటే కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఏడాది పొడవునా ఒకే నీలం పెన్ను, ఒకే చేతిరాత. అర్ధరాత్రి పెనుగులాట మధ్య పేషెంటును మంచానికి కట్టి, ఆ వగర్పుతోనే రాయాల్సిన పుస్తకంలో ఒక్క కొట్టివేత గానీ, ఒక్క టీ మరక గానీ లేకపోవడం మీకే చెల్లింది.

మీ టైమింగు మరీ ముచ్చట. కట్టిన మనిషిని 9.00కి చూశాం, 9.15కి చూశాం, 9.30కి చూశాం... తెల్లారి 5.45 దాకా నిమిషం అటూ ఇటూ కాలేదు. ఇంత పెద్ద రైల్వే జంక్షను ఉన్న బెజవాడలో ఈ విద్య బీరువాలోనే ఉండిపోవడం అన్యాయం. రైళ్లకు కూడా కాస్త నేర్పండి. నిజంగా వెళ్లి చూసినవాళ్లు రాస్తే 9.04 ఉంటుంది, 9.22 ఉంటుంది, నడుమ ఒక ఖాళీ, పక్కన 'కొత్త అడ్మిషను వచ్చింది' అని గీకిన ముక్క ఉంటుంది. పైగా రాత్రి 2.15కి కింద మగవాళ్ల వార్డులో సంతకం పెట్టిన సిస్టరే, అదే 2.15కి పైన ఆడవాళ్ల వార్డులోనూ పెట్టారు. ఆవిడ మెట్లెప్పుడు ఎక్కారండీ?

ఇక 'కారణం' గడి. మొదటి వరసలో 'గోల చేస్తున్నాడు', కిందంతా డిటో. గోల చేస్తే కట్టేయమని ఎక్కడా లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 97వ సెక్షన్ ప్రకారం, అప్పటికప్పుడు తనకో పక్కవాళ్లకో హాని జరగబోతూ, ఆపడానికి మరో దారి లేకపోతేనే కట్టాలి. అదీ సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే. శిక్షగా కట్టకూడదు, స్టాఫు చాలక కట్టకూడదు. మరి మీ పేజీలు ఆదివారం రాత్రులే ఎందుకు కిక్కిరిసిపోతాయి? ఆ రాత్రులు డ్యూటీలో అటెండెంటు ఒక్కడే. కట్టకముందు కూర్చుని మాట్లాడారా, రద్దీ లేని గదికి తీసుకెళ్లారా, మాత్ర వేసుకుంటావా అని అడిగారా? వీటికి మీలో గడే లేదు. నామినేటెడ్ రిప్రజెంటేటివుకు, అంటే పేషెంటు తరఫు మనిషికి, 24 గంటల్లోపు చెప్పాలి కదా, 'తెలిపాం' అని ముద్ర కొట్టేశారు. ఏ నంబరుకు, ఎన్నింటికి, ఎత్తిందెవరు?

కట్టిన మనిషి గురించి మీరు రాసిందల్లా 'నార్మల్'. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయా? చేతివేళ్లు నీలిబడ్డాయా, చల్లబడ్డాయా, వాచాయా? బోర్లా పడుకోబెట్టి కడితే ఊపిరి ఆడక ప్రాణం పోవచ్చు. మత్తు ఇంజెక్షను చేశాక తల ఎత్తుగా ఉంచి ఊపిరి లెక్కపెట్టాలి, లేకపోతే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మంచినీళ్లు పట్టడం, మూత్రానికి తీసుకెళ్లడం కూడా వైద్యంలో భాగమే. రోహిణీ కార్తెలో బెజవాడ, గుంటూరు ఎండలు మీకు చెప్పాలా? మూడ్ నిలకడకు ఇచ్చే లిథియం వాడే మనిషికి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగి విషమవుతుంది. కట్లతో ఉన్నవాడు చెయ్యి చాచి గ్లాసు అందుకోలేడు. ఆ గ్లాసు ఎవరిచ్చారో మీలో ఒక్క పేజీలోనూ లేదు. రాత్రి నిప్పంటుకుంటే కట్లు విప్పేదెవరో కూడా లేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన చోట, గొలుసులతో ఉన్నవాళ్లు మంటల్లోనే పోయారు.

అన్నిటికన్నా మీ 'నిల్' గొప్పది, అంటే ఎవర్నీ కట్టలేదట. ఆడిట్ మూడేళ్లకోసారి వస్తుంది, సరిగ్గా దానికి ముందు మూడు నెలలు వరసగా నిల్, నిల్, నిల్. ఆ నెలల్లో కూడా ఉద్రేకం తగ్గించే హాలోపెరిడాల్ ఇంజెక్షన్లు మామూలుగానే ఖర్చయ్యాయి. దుప్పట్లేమో నిలువునా పేలికలై లాండ్రీకి వచ్చాయి. దుప్పటి వాడకంతో చిరిగితే నడిమిన చిరుగుతుంది, బెత్తెడు వెడల్పున నిలువుగా చిరగదు, అవి మనిషిని కట్టడానికి చింపిన పట్టీలే. అయినా మీకే ఫుల్ మార్కులు. పక్క వార్డు పాపం పదకొండుసార్లు కట్టామని ఉన్నదున్నట్టు రాసి, కారణం రాసి, మెమో అందుకుంది. వచ్చే నెల నుంచి వాళ్లూ మీ శిష్యులే. తప్పెవరిదంటారా? నిల్ చూసి మురిసిపోయి, పదకొండు చూసి ఉలిక్కిపడే తనిఖీవాళ్లదే ఎక్కువని మా అభిప్రాయం. పొద్దున పదకొండింటికి సమోసాల వేళకు వస్తారు, ఆదివారం రాత్రి రారు.

ఇట్లు,
కేసు షీటు, డ్యూటీ రోస్టరు, మందుల ఇండెంటు పుస్తకం, లాండ్రీ పద్దు

తా.క.: ఈసారి వచ్చేవాళ్లు మనల్ని విడివిడిగా చూడరట. అందరినీ ఒకే బల్ల మీద, ఒకే తేదీ దగ్గర తెరిచి పెట్టమన్నారు. ఆ 2.15 పేజీ కాస్త తీసి ఉంచండి.