సింహాసనం వేలం: ప్రిటోరియన్లకు జరిగిన అన్యాయం

రోమ్ పతనం గురించి రాసేవాళ్లంతా ప్రిటోరియన్ దళాన్ని ఆడిపోసుకుంటారు. చక్రవర్తికి కాపలా కాయాల్సినవాళ్లే ఆయన్ని చంపి, సింహాసనాన్ని వేలం వేశారట. వేశారు, అయితే ఏమిటి? అంతకుముందు అది వారసత్వంతోనో, దత్తతతోనో, విషంతోనో చేతులు మారేది. చుట్టరికం లేని పాపానికి ఒక సామాన్య కోటీశ్వరుడు జీవితాంతం సెనేటర్‌గానే మిగిలిపోవాలా?

క్రీ.శ. 193లో చక్రవర్తి పెర్టినాక్స్. ఒకప్పుడు వ్యాకరణం చెప్పుకున్న మాస్టారు. ఖజానా ఖాళీగా ఉండటంతో, అంతకుముందే హత్యకు గురైన చక్రవర్తి కొమోడస్ తాలూకు రథాలూ విలాస వస్తువులూ అమ్మి సైనికులకు ఇస్తానన్న డబ్బు సర్దబోయాడు. రాజభవనంలో దేనికైనా ధర కట్టొచ్చని దళానికి నేర్పింది ఈయనేనని నా అనుమానం. పైగా క్రమశిక్షణ అంటూ మొదలెట్టాడు. మార్చి 28న రెండు వందల మంది కత్తులు దూసి లోపలికొస్తే, పారిపోకుండా ఎదురెళ్లి వాళ్లకు నచ్చజెప్పబోయాడు. చాలామంది తలలు దించుకుని కత్తులు ఒరలో పెట్టేశారు కూడా. ఒక్కడికి మాత్రం పాఠం ఎక్కలేదు. 87 రోజుల పాలన అక్కడితో సరి.

తర్వాత జరిగిన వేలంపాటలో దాపరికమేమీ లేదు. ప్రిటోరియన్ల శిబిరం లోపల పెర్టినాక్స్ మామగారు సుల్పిసియానస్, గోడ బయట సెనేటర్ డిడియస్ జూలియానస్. అల్లుడి శవం ఇంకా చల్లారకముందే మామగారు పాటలో దిగారంటే, పదవి మీద ఆయనకున్న గౌరవం ఎంతటిదో చూడండి. సైనికులు ఇటూ అటూ పరుగెత్తి, ‘ఆయన ఇంత ఇస్తానంటున్నాడు, మీరెంత పెంచుతారు?’ అని కనుక్కొచ్చారు. తలా 20,000 సెస్టర్సుల (రోమన్ నాణేల) దగ్గర పాట ఆగింది. అప్పుడు జూలియానస్ వందలూ వేలూ నసగకుండా ఒక్కసారే 5,000 పెంచేశాడు. గోల మధ్య వినపడదేమోనని గట్టిగా అరుస్తూ వేళ్లు కూడా చూపించాడు. పాట కొట్టేశారు.

సెనేట్ సంగతి చెప్పాలి. అనుమానం రాకూడదని సెనేటర్లు స్నానం చేసి, భోంచేసి మరీ సభకెళ్లి కొత్త ప్రభువును ఆమోదించారట. ఆ సభలో కూర్చున్న చరిత్రకారుడు డియో కాసియస్సే ఇదంతా రాసిపెట్టాడు. జనం మాత్రం రాళ్లు విసిరారు. జనానికి వేలం నిబంధనలు ఎప్పుడు అర్థమయ్యాయి గనక!

పాట పాడినంత తేలిగ్గా డబ్బు కట్టలేకపోయాడు, అదొక్కటే చిన్న ఇబ్బంది. ఈలోగా డాన్యూబ్ సరిహద్దులోని పన్నోనియా నుంచి అక్కడి గవర్నర్ సెప్టిమియస్ సెవెరస్ సైన్యంతో బయల్దేరాడు. జూలియానస్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మిసెనమ్ రేవు నుంచి నావికుల్ని రప్పించాడు, వాళ్లకు కవాతు రాదు. ఏనుగుల మీద అంబారీలు కట్టించాడు, అవి మొరాయించాయి. ‘పెర్టినాక్స్ తలుపులు సరిగ్గా వేసుకోక చచ్చాడు’ అనుకుని రాజభవనానికి గట్టి జాలీ తలుపులు పెట్టించాడు. 66 రోజులకు ఆ తలుపుల వెనకే ప్రాణం పోయింది. ‘నేనేం తప్పు చేశాను, ఎవర్ని చంపాను?’ అన్నాడట చివరికి. న్యాయమైన ప్రశ్నే. పాట పాడటం నేరమా?

సెవెరస్ పాత ప్రిటోరియన్లను ఆయుధాలు లేకుండా రమ్మని, చుట్టుముట్టి, నగరం నుంచి తరిమేశాడు. ఆ స్థానంలో తన మనుషుల్ని పెట్టుకున్నాడు. అంటే వేలం రద్దు కాలేదు, కాంట్రాక్టు చేతులు మారింది. 211లో బ్రిటన్‌లోని యార్క్‌లో చనిపోతూ కొడుకులకు చెప్పింది ఇదీ: కలిసి ఉండండి, సైనికుల్ని సంపన్నుల్ని చేయండి, మిగతావాళ్లను లెక్కచేయకండి. పెద్దోడు కారకల్లా తమ్ముణ్ణి ఏడాది తిరక్కుండానే చంపించాడు, మిగతా రెండూ తు.చ. తప్పకుండా పాటించాడు.

జీతాలు పెంచడానికి వెండి చాలకపోతే నాణెంలో రాగి కలిపారు. సెవెరస్ నాటికి వెండి దాదాపు సగం, 260ల చివరికి నూటికి అయిదు పాళ్లు కూడా లేదు. 235 నుంచి 284 దాకా ఇరవై మందికి పైగా చక్రవర్తులు వచ్చారు, ఎక్కువ మంది సొంత సైనికుల చేతుల్లోనే పోయారు. ఇంత చురుకైన మార్కెట్‌ను పట్టుకుని సంక్షోభం అంటారు చరిత్రకారులు.

చివరి బేరం 476లో. సైనికులు ఈసారి నాణేలు నమ్మలేదు, ఇటలీ భూముల్లో మూడో వంతు అడిగారు. కొడుకు రోములస్‌ను గద్దె మీద పెట్టి చక్రం తిప్పుతున్న సేనాపతి ఒరెస్టెస్ కుదరదన్నాడు. సైనికుల నాయకుడు ఒడోయాసర్ తండ్రిని చంపించి, కుర్రాణ్ణి దించేశాడు. వయసు చూసి జాలిపడి, ఏడాదికి 6,000 బంగారు నాణేల భరణం ఇచ్చి బంధువులతో సహా కంపానియాకు పంపాడు. అన్నేళ్ల రోమ్ చరిత్రలో సైన్యం దగ్గర ఎదురు డబ్బు తీసుకున్న చక్రవర్తి ఈ కుర్రాడే.