గోడ మూసే ముందు నీటి లెక్క తేలాలి

సెల్లార్‌ను గదిగా మార్చుకుందామని అనుకోగానే ఇంట్లో మొదలయ్యే చర్చ రంగుల మీద, టైల్స్ మీద, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు ఎక్కడ రావాలన్న దాని మీద. నచ్చిన ఫొటోలన్నీ ఫోన్లో దాచుకున్నాక కాంట్రాక్టర్‌ను పిలుస్తారు. ఆయన టేపు పట్టి కొలతలు తీసుకుంటాడు, చదరపు అడుగుకు ఇంత అని చెప్పి వెళ్తాడు. ఈ మొత్తం వ్యవహారంలో నీళ్ల ఊసే రాదు. వచ్చినా 'వాటర్‌ప్రూఫింగ్ కూడా చేసేస్తాం సార్' అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. సెల్లార్ పనుల్లో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా ఆ గోడలకు ఒక్క బోర్డు కూడా బిగించకూడదన్నది మా అభిప్రాయం. అది తేల్చే మనిషి, ఆ పని చేసి డబ్బు తీసుకునే మనిషి ఒక్కరే కాకూడదు.

పై అంతస్తులో గోడకు అటూ ఇటూ గాలి ఉంటుంది. తడిసినా ఆరుతుంది. సెల్లార్ గోడకు అవతల ఉన్నది మట్టి. వానాకాలంలో తడిసిన ఆ మట్టి ఓ పట్టాన ఆరదు. నేలలో నీటిమట్టం పెరిగి సెల్లార్ గచ్చు అడుగు కంటే ఒక మీటరు ఎత్తుకు చేరిందనుకోండి, ఆ నీరు గచ్చును కింది నుంచి చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను బలంతో పైకి నెడుతుంది. 10 సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు గచ్చు చదరపు మీటరుకు 240 కిలోలే తూగుతుంది. అలాంటి గచ్చు మీద, లోపలి వైపు నుంచి ఒక డబ్బా రంగు పూసి ఊట ఆగిపోయిందంటే నమ్మేదెలా? వేసవిలో చూస్తే ఆగినట్టే ఉంటుంది.

చెమ్మంతా ఒకే రకం కాదన్నది రెండో సంగతి. పైకప్పు నుంచి పడ్డ వాన నీరు గోడ మొదట్లోనే ఇంకి లోపలికి రావచ్చు. భూగర్భజలమే ఒత్తిడితో ఊరవచ్చు. కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా తడి పైకి పాకవచ్చు. ఎక్కడో పైపు కారుతుండవచ్చు. ఇవేవీ లేకపోయినా గాలిలోని తేమే చల్లని గోడకు తగిలి చెమటలా పట్టవచ్చు. 30 డిగ్రీల వేడిలో 70 శాతం తేమ ఉన్న గాలి, ఉపరితలం 24 డిగ్రీలకు దిగితే చాలు, నీటి బిందువులుగా మారడం మొదలుపెడుతుంది. అందుకే ఉక్కపోత రోజుల్లో 'గాలి ఆడనీ' అని సెల్లార్ కిటికీలు బార్లా తెరిస్తే కొన్ని ఇళ్లలో గోడలు ఇంకా తడుస్తాయి. అక్కడ కావాల్సింది తేమ లాగే యంత్రం. ఊట ఉన్నచోట ఆ యంత్రాన్ని రాత్రింబవళ్లు నడిపినా కరెంటు బిల్లు తప్ప ఏమీ మిగలదు. జబ్బు ఏదో తెలియకుండా మందు కొనడం ఇదే.

తొలి పరీక్షకు ఇంజినీరు కూడా అక్కర్లేదు. అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు అతికించి నాలుగు అంచులూ టేపుతో బిగించాలి. రెండు రోజుల తర్వాత ఫాయిల్ పైన, అంటే గది వైపు, తడి కనిపిస్తే అది గాలిలోని తేమ. విప్పి చూసినప్పుడు వెనక వైపు తడిగా ఉంటే అది గోడలోంచి వస్తున్నది. రెండు వైపులా ఉంటే రెండు సమస్యలూ ఉన్నట్టే. గచ్చుకైతే 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును అలాగే అతికించి కనీసం 16 గంటలు వదిలేస్తారు. కింద తడి చేరినా, కాంక్రీటు రంగు నల్లబడినా తేమ పైకి వస్తోందని అర్థం. ఎండాకాలంలో షీటు పొడిగా కనిపించిందని సంబరపడకూడదు. వీలైతే ఒక వానాకాలం పూర్తిగా చూసి, గోడల మీద తెల్లటి ఉప్పు ఎక్కడ పొక్కింది, ఎంత ఎత్తు వరకు మరక పట్టింది పెన్సిలుతో గీత పెట్టి పక్కన తేదీ వేసుకోవాలి. పగుళ్లకూ అంతే. నిలువుగా వచ్చే సన్నని పగులు చాలాసార్లు కాంక్రీటు ఆరేటప్పుడు వచ్చిందే అయి ఉంటుంది. గోడ మధ్యలో అడ్డంగా సాగిన పగులు, గోడ లోపలికి ఉబ్బినట్టు కనిపించడం అలాంటివి కావు. అవతలి మట్టి గోడను నెడుతోందనడానికి అవి గుర్తులు. అక్కడ పుట్టీ పెట్టే మేస్త్రీని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి.

ఈ పరిశీలన తర్వాత చాలా ఇళ్లలో తేలే విషయం వినడానికి సాదాసీదాగా ఉంటుంది. తప్పు సెల్లార్ లోపల కాదు, ఇంటి బయట ఉంటుంది. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్ల నీరు. ఆ నీరంతా ఒక మూల పైపు లోంచి పునాది పక్కనే పడుతుంటే సెల్లార్‌లోకి రాక ఎక్కడికి పోతుంది? నీరు పల్లమెరుగు. పైపును దూరం వరకు పొడిగించాలి. ఇంటి చుట్టూ నేలను బయటికి వాలుగా సరిచేయాలి. మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు చాలాచోట్ల పాటించే కొలత. వేలకు వేలు పోసి లోపల పూతలు పూయించే ముందు చేయాల్సిన పనులివి. వీటిలో కాంట్రాక్టర్‌కు మిగిలేది పెద్దగా ఉండదు కాబట్టే కొటేషన్లలో ఇవి కనిపించవని అంటే కొందరికి కోపం రావచ్చు.

వాలు సరిచేసినా ఊట ఆగకపోతే అప్పుడు పెద్ద పని. గోడకు బయటి నుంచి వేసిన పొరను నీరే గోడకేసి అదుముతుంది. లోపలి నుంచి వేసిన పూతను నీరు వెనక నుంచి నెట్టి ఊడదీస్తుంది. కాబట్టి బయటి నుంచి చేయడమే మేలు. అయితే ఇంటి చుట్టూ పునాది దాకా తవ్వడం అన్నిచోట్లా కుదరదు. కుదరనప్పుడు గచ్చు అంచున లోపలి వైపు కాలువ తీసి, నీటిని ఒక గుంతలోకి మళ్లించి, మోటారుతో బయటికి తోడిస్తారు. ఇది నీటిని ఆపదు, దారి చూపిస్తుందంతే. ఆ మాట యజమానికి ముందే చెప్పాలి. గట్టి వాన పడి కరెంటు పోయిన రాత్రే ఆ మోటారుతో అసలు అవసరం పడుతుంది. బ్యాటరీ బ్యాకప్ లేని మోటారును సగం పని కిందే లెక్కగట్టాలి.

ఇక మెటీరియల్ సంగతి. సెల్లార్‌కు వస్తువు ఎంచుకునేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది ఒకసారి తడిస్తే ఏమవుతుంది? మామూలు జిప్సం బోర్డుకు రెండు వైపులా కాగితం ఉంటుంది. బూజుకు అదే ఆహారం. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. ఆకుపచ్చ కాగితం అంటించిన బోర్డు తేమను కొంత తట్టుకుంటుందే తప్ప నీళ్లలో నానితే అదీ పాడవుతుంది. కాగితానికి బదులు గ్లాస్ ఫైబర్ పొర ఉన్న బోర్డులు, సిమెంటు బోర్డులు దొరుకుతాయి. ఏ బోర్డు వాడినా గచ్చుకు ఆనించకుండా కనీసం అర అంగుళం ఖాళీ వదిలి బిగించాలి. స్కర్టింగ్ వేశాక ఆ ఖాళీ కనిపించదు. ఈ చిన్న ఖాళీ వదలని పనివాళ్లు ఎందరో. ఫ్రేముకు జింకు పూత ఉన్న ఇనుప సెక్షన్లయితే చెద బెడద ఉండదు, కుళ్లే భయం ఉండదు. చెక్కే కావాలంటే గచ్చుకు తగిలే అడుగు పట్టీ అయినా మందు పట్టించినదై ఉండాలి.

చలి, వేడి ఆపడానికి గోడ లోపల దూదిలాంటి గ్లాస్ వూల్ కుక్కి, దానిమీద ప్లాస్టిక్ షీటు కప్పి, బోర్డు బిగించేయడం ఇప్పటికీ సాగుతోంది. కాంక్రీటులోంచి వచ్చిన తడి ఆ దూదిలో చేరితే బయటపడే దారి ఉండదు. రెండేళ్ల తర్వాత గదిలో ముక్క వాసన వస్తుంది, ఎక్కడి నుంచో అంతుపట్టదు. పైన పటారం, లోన లొటారం. కాంక్రీటుకు నేరుగా అంటుకునే గట్టి ఫోమ్ షీట్లు ఇక్కడ నయం. కాకపోతే ఫోమ్‌కు మంట అంటుకుంటే పొగ విషం. దాన్ని బయటికి కనిపించేలా వదలకుండా కనీసం అర అంగుళం జిప్సం బోర్డుతో కప్పాలి.

గచ్చు మీద చెక్క ఫ్లోరింగ్ అందంగానే ఉంటుంది, ఉబ్బేవరకు. లామినేట్ కూడా అంతే. టైల్స్ అన్నిటికన్నా నమ్మకమైనవి. వినైల్ పలకలు తడికి చెడవు గానీ, వాటి కింది జిగురు చెడుతుంది. తేమతో పాటు పైకి వచ్చే కాంక్రీటు క్షారం దాన్ని తినేస్తుంది. కొత్తగా వేసిన గచ్చయితే మరో చిక్కు. 28 రోజులకు కాంక్రీటుకు బలం వస్తుంది, అంతమాత్రాన ఆరినట్టు కాదు. మందం అంగుళానికి సుమారు నెల చొప్పున పడుతుందన్నది పాత లెక్క. తొందరపడే యజమానికి ఈ మాట మొహం మీద చెప్పగల కాంట్రాక్టర్ దొరికితే వదులుకోవద్దు.

కాంట్రాక్టర్ ఎంపికలో అందరూ చెప్పే సలహా మూడు కొటేషన్లు తీసుకోమని. ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర రాసిచ్చినప్పుడు ఆ మూడింటినీ పోల్చి లాభం లేదు. ముందు పని వివరం మనమే రాసి, అదే కాగితం ముగ్గురికీ ఇవ్వాలి. ఒక మామూలు కొటేషన్‌లో 'వాటర్‌ప్రూఫింగ్, లంప్‌సమ్' అని ఒక వరుస, దాని ఎదురుగా ఒక అంకె ఉంటుంది. ఆ వరుసకు అర్థం లేదు. గోడ మీది పాత రంగు గీకుతారా, పగుళ్లలో ఏం నింపుతారు, ఏ కంపెనీ ఏ రకం పూత, చదరపు మీటరుకు ఎన్ని కిలోలు, ఎన్ని పూతలు, పూతకూ పూతకూ మధ్య ఎన్ని గంటలు, చివర్లో పరీక్ష ఎలా చేసి చూపిస్తారు? ఇవన్నీ రాస్తేనే అది కొటేషన్. మెటీరియల్ పేరు పక్కన 'లేదా దానికి సమానమైనది' అని ఉంటే, సమానమో కాదో తేల్చేది యజమాని సంతకమేనని కూడా రాయించాలి. లేకపోతే ఆ మాటల్లోంచే నాసిరకం సరుకు లోపలికొస్తుంది.

పదేళ్ల గ్యారంటీ మాట వినగానే చాలామంది మెత్తబడతారు. ఎవరిస్తున్నారు ఆ గ్యారంటీ? తయారీ కంపెనీ ఇచ్చేది సాధారణంగా సరుకు వరకే. ఊట మళ్లీ వస్తే బోర్డులు విప్పి, గోడ గీకి, తిరిగి బిగించే కూలి ఎవరిదన్నది అందులో ఉండదు. భూగర్భజలం ఒత్తిడి వల్ల వచ్చే ఊటకు వర్తించదని చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉన్నా ఆశ్చర్యం లేదు. సెల్లార్‌కు భయపడేదే ఆ ఊట గురించి కదా! గ్యారంటీ కాగితం కన్నా, ఆ కాంట్రాక్టర్ చేసిన సెల్లార్లలో కనీసం రెండు వానాకాలాలు చూసినదాన్ని వెళ్లి చూడటం ఎంతో నయం. నిన్న పూర్తయిన పనిని చూపిస్తే అది షోరూమ్ కిందే లెక్క. మనతో మాట్లాడేవారే పని చేయిస్తారా, మధ్యలో ఇంకొకరికి అప్పగిస్తారా, కూలీలకు బీమా ఉందా, అనుమతులు ఎవరు తెస్తారు అన్నవి అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

డబ్బు ఇచ్చే తీరు కూడా పనితోనే నడవాలి, తేదీలతో కాదు. అడ్వాన్సు కొద్దిగా, నీటి పరీక్ష నెగ్గాక ఒక వాయిదా, గోడలు మూయకముందు వైరింగ్, పైపులు చూసుకున్నాక మరొకటి. నిర్మాణ ఒప్పందాల్లో 5 నుంచి 10 శాతం చివరి వరకు నిలిపి ఉంచడం మామూలే. సెల్లార్ విషయంలో ఆ 'చివర' ఒక వానాకాలం దాటాక రావాలి. ఇదంతా కాంట్రాక్టర్ల మీద అనుమానంతో చెప్పడం లేదు. పని సగంలో ఉండగా టైల్స్ మూడుసార్లు మార్చి, ఆలస్యం అయిందని బిల్లు ఆపేసే యజమానులకూ కొదవ లేదు. మధ్యలో ఏ మార్పు చేసినా దాని ఖర్చు, అదనంగా పట్టే రోజులు కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేస్తే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. కిందటేడు నీళ్లు వచ్చిన సంగతి కాంట్రాక్టర్ దగ్గర దాచిపెట్టే యజమాని తర్వాత ఎవరిని నిలదీస్తాడు?

సెల్లార్‌లో ఎవరైనా పడుకునేట్టయితే నీటి లెక్క ఒక్కటే చాలదు. మెట్లకు మంట అంటుకుంటే మనిషి బయటపడే రెండో దారి ఉండాలి. తలుపో, మనిషి పట్టేంత కిటికీయో. కింది సాకెట్లన్నీ లీకేజీ కరెంటును పసిగట్టి ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ మీద ఉండాలి. నేలలోంచి పగుళ్ల గుండా లోపలికొచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు రంగు, వాసన ఉండవు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్య కారణాల్లో అదొకటి. అది ఘనపు మీటరు గాలిలో 100 బెకరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) మించకుండా చూసుకోవడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే సూచించింది. కొలిచే పరికరాలు చిన్నవి, వాడకం తేలిక. గచ్చు వేశాక కన్నా ముందు కొలిస్తే, ఆ వాయువును బయటికి పంపే గొట్టం అప్పుడే వేసుకోవచ్చు.

వీటన్నిటినీ యజమాని జాగ్రత్తకు మాత్రమే వదిలేయడం సరికాదు. జీవితంలో ఒకసారి చేయించే పనిలో ఏ సామాన్యుడూ నిపుణుడు కాలేడు. సెల్లార్‌ను నివాసానికి మార్చేందుకు అనుమతిచ్చే యంత్రాంగం ఎక్కడున్నా, బోర్డులు బిగించకముందు ఒక తనిఖీని తప్పనిసరి చేయాలి. ఆ తనిఖీ చేసే ఇంజినీరుకు వాటర్‌ప్రూఫింగ్ సరుకు అమ్మే వ్యాపారంతో సంబంధం ఉండకూడదు. మూయబోయే ప్రతి గోడను, కాలువను, పైపును టేపు కొలతతో సహా ఫొటో తీసి ఆ తనిఖీ నివేదికకు జతచేయాలి. ఇల్లు చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు ఆ ఫొటోలు కూడా కొన్నవారికి అందాలి.